బడికి పోనని ఏడ్చే బిడ్డకు మనం ఏం చేయాలి?

(రోగుల బంధువుల కోసం ఆస్పత్రిలో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది పైకి చిన్న విషయంలాగే ఉంటుంది. "మా వాడు బడికి పోనంటున్నాడు సిస్టరమ్మా" అని చాలామంది నవ్వుతూనే చెబుతారు. అదే నెల రోజులు సాగితే ఇంట్లో ఎవరికీ నవ్వు రాదు. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, తండ్రి చెయ్యి చేసుకుంటాడు, బిడ్డ చదువులో వెనకబడుతుంది. వెనకబడిన కొద్దీ భయం ఇంకా పెరుగుతుంది. కొందరు పిల్లలు అక్కడితో బడి మానేసి మళ్ళీ ఆ గేటు తొక్కరు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

జూన్‌లో బడులు తెరిచినప్పుడు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు అయిపోయినప్పుడు పిల్లల ఓ.పి.లో ఒక రకం బాధలు ఎక్కువగా చూస్తుంటాం. ఉదయం ఏడు గంటలకు కడుపునొప్పి. ఎనిమిదింటికి వాంతి వచ్చేలా ఉందంటుంది. బడి ఆటో వెళ్ళిపోయాక, తొమ్మిదిన్నరకు, బిడ్డ వాకిట్లో ఆడుకుంటూ ఉంటుంది. ఆదివారం ఏ నొప్పీ ఉండదు. ఆదివారం సాయంత్రం పొద్దు గూకే వేళకు మళ్ళీ ముఖం వాడిపోతుంది. మీ ఇంట్లోనూ ఇలాగే జరుగుతూ ఉంటే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

ఆ నొప్పి అబద్ధం కాదు

"నాటకాలాడుతున్నాడు" అని చాలామంది అంటారు. అమ్మా, ఆ మాట అనకండి. పరీక్ష రాయబోయే ముందు, కోర్టు మెట్లు ఎక్కే ముందు, ఆపరేషన్ థియేటరు తలుపు ముందు నిలబడినప్పుడు మనకు కడుపులో ఎలా ఉంటుంది? రెండుసార్లు బాత్రూముకు పోవాలనిపించదా? గుండె దడదడ కొట్టుకోదా? అది నాటకమా? మెదడుకూ పేగులకూ నరాల ద్వారా దగ్గరి సంబంధం ఉంది. భయం వేసినప్పుడు శరీరంలో కొన్ని హార్మోనులు ఎక్కువగా ఊరతాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమట పడతాయి, పేగుల కదలిక మారుతుంది. పెద్దవాళ్ళకు అయితే "భయంగా ఉంది" అని చెప్పే మాట ఉంది. ఆరేళ్ళ బిడ్డకు ఆ మాట రాదు. "కడుపునొప్పి" అనే మాట వచ్చు. అదే చెబుతుంది.

ఇలాంటి నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ ఉంటుంది. కొందరికి తలనొప్పి, కొందరికి కాళ్ళ నొప్పులు. నొప్పి నిజం. దాని వేరు మాత్రం కడుపులో లేదు.

ముందు ఒంట్లో జబ్బు లేదని తేల్చుకోండి

ప్రతి కడుపునొప్పినీ భయం కింద తోసేయకూడదు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా బిడ్డను డాక్టరు గారికి చూపించండి:

- నిద్రలోంచి లేపేసే నొప్పి, సెలవు రోజుల్లో కూడా వచ్చే నొప్పి
- బొడ్డుకు దూరంగా, ముఖ్యంగా కుడివైపు కింద వచ్చే నొప్పి
- జ్వరం, పచ్చకామెర్లు, ఆగని వాంతులు, ఆకుపచ్చ వాంతి
- మలంలో రక్తం, చాలా రోజులుగా విరేచనాలు
- మూత్రం పోసేటప్పుడు మంట
- బరువు తగ్గడం, వయసుకు తగ్గట్టు ఎదగకపోవడం

ఇవి కాక బడిని కష్టం చేసే ఒంటి లోపాలు ఇంకా ఉన్నాయి. దృష్టి లోపం ఉన్న బిడ్డకు బోర్డు మీద అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తాడు, కాపీ కొడుతున్నాడని తిట్లు తింటాడు. వాడికి కావలసింది కళ్ళద్దాలు. చెవిలో చీము కారే బిడ్డకు టీచరు చెప్పేది సగమే వినబడుతుంది. రక్తహీనత ఉన్న బిడ్డ మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. నులిపురుగుల మందు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇస్తారు. ఆ రోజు మానిపించకండి. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013 నుంచి ప్రభుత్వ కార్యక్రమం కూడా ఉంది. ఆ బృందం మీ బడికి వచ్చినప్పుడు మీ బిడ్డ ఆ రోజు హాజరై ఉండేలా చూడండి.

బడి దొంగ వేరు, బడి భయం వేరు

బడి పేరు చెప్పి ఇంట్లోంచి బయలుదేరి, చెరువు గట్టు మీదో సినిమా హాలు దగ్గరో పొద్దు గడిపి, సాయంత్రం సంచితో ఇంటికి వచ్చేవాడిని మనం బడి దొంగ అంటాం. వాడు తల్లిదండ్రులకు తెలియకుండా ఎగ్గొడతాడు. బడి భయం ఉన్న బిడ్డ అలా కాదు. మీ కళ్ళ ముందే, మీ కొంగు పట్టుకొని ఏడుస్తుంది. చాలాసార్లు ఆ బిడ్డకు చదువంటే ఇష్టమే ఉంటుంది. ఇంట్లో కూర్చొని పుస్తకాలు తీస్తుంది కూడా. గేటు దాటడమే చేతకాదు. ఇద్దరికీ ఒకే మందు వేస్తే కుదరదు.

కారణం ఎక్కడుంది?

వయసును బట్టి వెతకాలి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఎక్కువగా తల్లిని వదిలి ఉండలేని బాధ. అమ్మ మళ్ళీ వస్తుందో రాదో వాళ్ళకు నమ్మకం ఉండదు. కొత్తగా చేరిన ఒకటి రెండు వారాలు ఏడవడం సహజం. చాలామంది నెమ్మదిగా సర్దుకుంటారు.

ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు కారణం బడిలో ఉండవచ్చు. చదవమని లేపి నిలబెడితే మాట తడబడటం, లెక్క తప్పితే దెబ్బలు, పొట్టివాడని నల్లదని పేర్లు పెట్టడం, ఆటోలో పెద్ద పిల్లలు గిల్లడం, డబ్బులు లాక్కోవడం. కొందరు ఎంత కష్టపడినా అక్షరాలు తారుమారు చేస్తారు. అది సోమరితనం కాదు, నేర్చుకోవడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. అలాంటి బిడ్డకు వేరే పద్ధతిలో నేర్పితే చదువు వస్తుంది.

ఇంకొక సంగతి మనం అడగనే అడగం: మరుగుదొడ్డి. బడిలో దొడ్డికి గడియ లేదని, నీళ్ళు లేవని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా ఉగ్గబట్టుకొనే ఆడపిల్లలు ఉన్నారు. చివరికి మూత్రంలో మంటతో ఇక్కడికి వస్తారు. రజస్వల అయిన పిల్ల నెలకు మూడు రోజులు బడి మానుతూ ఉంటే, ముందు ఈ మాట మెల్లగా తల్లే అడగాలి.

అయిదో తరగతి అయి హైస్కూలుకు మారినప్పుడు, హాస్టలులో వేసినప్పుడు, పదో తరగతి పరీక్షలు దగ్గర పడినప్పుడు మళ్ళీ ఈ భయం తల ఎత్తుతుంది.

ఇక మూడో చోటు మన ఇల్లే. రాత్రి నాన్న తాగి వచ్చి అమ్మను కొట్టిన ఇంట్లో, తెల్లవారితే బిడ్డ బడికి ఎలా పోతుంది? నేను లేనప్పుడు అమ్మకు ఏమవుతుందో అని కాపలా ఉంటుంది. కొత్తగా చెల్లెలు పుట్టినా, తాతయ్య చనిపోయినా, తండ్రి పనికి దూర దేశం వెళ్ళినా ఇలాగే జరగవచ్చు.

ఎలా అడగాలి?

"ఎందుకు పోవు? చెప్పు!" అని నిలదీస్తే బిడ్డ నోరు మూసుకుంటుంది. ఎందుకో దానికే సరిగ్గా తెలియదు. ఉదయం తొందరలో అడగకండి. సాయంత్రం జడ వేస్తూనో, రాత్రి పక్కలో పడుకోబెట్టుకొనో, బజారుకు నడుస్తూనో అడగండి. ముఖాముఖి చూడకుండా చేతిలో పని ఉన్నప్పుడు పిల్లలకు మాట సులభంగా వస్తుంది.

బడి రోజును బెల్లు బెల్లుగా విడదీసి అడగండి. "ఆటోలో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? ప్రేయరులో ఎక్కడ నిలబడతావు? ఏ పీరియడు బాగుంటుంది? ఏ పీరియడు రాకపోతే బాగుండు అనిపిస్తుంది? ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడతావు? అన్నం ఎవరితో తింటావు?" ఎక్కడో ఒకచోట గొంతు మారుతుంది, లేదా మాట ఆగిపోతుంది. అక్కడ ఆగండి. "అక్కడ ఏదో కష్టంగా ఉన్నట్టుంది కదూ" అని ఊరుకోండి. ఆ రోజు చెప్పకపోతే మరో రోజు చెబుతుంది. చెప్పినప్పుడు "ఓస్, ఇంతేనా!" అనకండి. మనకు ఇంతే, దానికి అది కొండంత.

కొట్టి పంపితే?

"మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దలు అన్నారు గదా, నాలుగు తగిలిస్తే అదే పోతుందని కొందరు అంటారు. మొక్కను వంచేవాడు కూడా విరగకుండా వంచుతాడమ్మా. భయపడే బిడ్డకు మరో భయం చేర్చితే మొదటి భయం పోదు. రెండు అవుతాయి. బడి దగ్గర ఒకటి, ఇంటి దగ్గర ఒకటి.

ఇంకో మాట. "అన్నం తినకపోతే టీచరుకు చెబుతా", "అల్లరి చేస్తే సిస్టరమ్మతో సూది వేయిస్తా" అని బెదిరిస్తూ ఉంటాం. అలా పెరిగిన బిడ్డ టీచరును చూసినా, నన్ను చూసినా ఏడవక ఏం చేస్తుంది? మేము మందు ఇవ్వడానికి ఉన్నాం, టీచరు చదువు చెప్పడానికి ఉన్నారు. మమ్మల్ని బూచాళ్ళను చేయకండి.

బడిలో కొడుతున్నారని తెలిస్తే మర్యాదగానే వెళ్ళి మాట్లాడండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో పిల్లలను కొట్టకూడదు, మనసు నొప్పించేలా హింసించకూడదు. "నాలుగు దెబ్బలు వేసైనా చదివించండి సార్" అని మనమే అప్పగించి రాకూడదు.

ఇంట్లో ఉంచేస్తే?

కొట్టలేని తల్లి మరో పని చేస్తుంది. "పోనీలే, ఈ ఒక్క రోజు" అంటుంది. మనసు కరిగి అన్న మాటే. కాని ఇంట్లో ఉన్న ఆ రోజు బిడ్డకు గొప్ప ఊరట దొరుకుతుంది, రేపు గేటు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. రెండు రోజులు మానితే నోట్సు రాయలేదనే భయం, వారం మానితే స్నేహితులు ఏమంటారో అనే సిగ్గు, నెల మానితే టీచరు ముఖం చూడలేని బెరుకు. అందుకని జ్వరం, వాంతులు, విరేచనాలు లాంటి జబ్బు లేకుండా, బడిలో బిడ్డకు అపాయం లేదని తెలిశాక, ఎంత త్వరగా తిరిగి పంపితే అంత మంచిది.

ఒకవేళ ఇంట్లో ఉండిపోయినా ఆ రోజును పండుగ చేయకండి. టీవీ, ఫోను, చిప్స్ ప్యాకెట్లు వద్దు. శిక్ష కూడా వద్దు. బడి వేళల్లో పుస్తకాలు, చిన్న చిన్న ఇంటి పనులు, సమయానికి భోజనం. అంతే.

చెయ్యి పట్టుకొని పంపే పద్ధతి

ముందు రాత్రి నుంచే మొదలుపెట్టండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. సంచి, బట్టలు, నీళ్ళ సీసా రాత్రే సర్ది పెట్టండి. ఉదయం ఒక అరగంట ముందు లేపండి. ఖాళీ కడుపుతో పంపకండి; ఇడ్లీ అయినా, చద్దన్నంలో పెరుగు అయినా ఇంత తినిపించండి.

టీచరును కలిసి ఉన్న సంగతి చెప్పండి. గేటు దగ్గర బిడ్డ చెయ్యి అందుకొనే మనిషి ఒకరు ఉండాలి. టీచరు గాని, ఆయా గాని, పక్కింటి అక్క గాని. రోజూ ఆ ఒక్క మనిషే అయితే మంచిది.

వీడ్కోలు చిన్నదిగా ఉండాలి. బిడ్డ చూడకుండా జారుకోకండి. ఒకసారి అలా మాయమైతే మరునాడు మీ కొంగు అసలే వదలదు. అలాగని అరగంట సేపు కిటికీ దగ్గర నిలబడి మీరూ కళ్ళు తుడుచుకోకండి. "లాంగ్ బెల్ కొట్టగానే ఈ వేపచెట్టు కింద ఉంటాను" అని చెప్పి, ముద్దు పెట్టి, వెనక్కి తిరగండి. ఆ బెల్లు కొట్టేసరికి ఆ చెట్టు కింద ఉండండి. అయిదు నిమిషాల ముందే ఉండండి. చెప్పిన మాట రోజూ నిలబెట్టుకోవడంలోనే సగం మందు ఉంది.

చాలా రోజులు మానేసిన బిడ్డను మెట్టు మెట్టుగా తీసుకెళ్ళాలి. మొదటి రోజు బడి వదిలిన తర్వాత గేటు దాకా నడిచి రండి. తర్వాత టీచరును ఇంటి బెల్లు తర్వాత కలిపించండి. తర్వాత తనకు ఇష్టమైన పీరియడుకు ఒక గంట. తర్వాత మధ్యాహ్న భోజనం దాకా. ఆపై పూర్తి రోజు. ఒక మెట్టు కుదురుకున్నాకే రెండోది. ఒక రోజు వెనక్కి జారితే అంతా పాడైపోయిందని అనుకోకండి. మరునాడు అదే మెట్టు నుంచి మొదలుపెట్టండి. సోమవారాలు, సెలవుల తర్వాతి రోజులు కష్టంగానే ఉంటాయని ముందే తెలిసి ఉండండి.

వెళ్ళి వచ్చిన రోజు క్యాలెండరు మీద ఆ తేదీకి బిడ్డ చేతనే ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టించండి. "ఏడ్చావా?" అని అడగకండి. "భయం వేసినా వెళ్ళి వచ్చావు, మా తల్లి" అనండి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ పంపుతుంటే నాయనమ్మ "పాపం, ఈ రోజుకు వదిలెయ్యి" అంటే బిడ్డ నాయనమ్మ వైపే చూస్తుంది.

ఇంట్లో ఒకరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది పిల్లలను ఇంటి దగ్గరో చుట్టాల దగ్గరో వదిలి వచ్చారు. కాబట్టి ఈ మాట మీకు తప్పక చెప్పాలి. అమ్మ వార్డులో ఉంటే బిడ్డ బడిలో మనసు పెట్టలేదు. ఎవరూ ఏమీ చెప్పరు. పెద్దలు గుసగుసలాడుకుంటారు. బిడ్డ తనంతట తానే ఊహించుకుంటుంది. "నేను అల్లరి చేసినందుకే అమ్మకు జబ్బు వచ్చింది" అని కూడా అనుకుంటుంది.

నిజం చిన్న మాటల్లో చెప్పండి. "అమ్మ కడుపులో పుండు ఉంది. డాక్టరు గారు ఆపరేషను చేశారు. ఇంకా కొన్ని రోజులు ఇక్కడే ఉండాలి. నీ వల్ల వచ్చింది కాదు. నిన్ను పిన్ని చూసుకుంటుంది." మీకే తెలియని సంగతికి "రేపు వచ్చేస్తుంది" అని మాట ఇవ్వకండి. రోజూ ఒకే వేళకు, బడి వదిలాక, ఫోనులో అమ్మ గొంతు వినిపించండి. బడి మానిపించి ఆస్పత్రి వరండాల్లో తిప్పడం కంటే ఇది మేలు. ఇల్లు తలకిందులైనప్పుడు కూడా మారని బెల్లు, మారని బెంచీ, మారని స్నేహితులు బిడ్డకు ధైర్యం ఇస్తాయి.

జబ్బు తగ్గి తిరిగి వెళ్ళే బిడ్డ

టైఫాయిడ్ వచ్చిందనో, కాలు విరిగిందనో నెల రోజులు మానిన బిడ్డకు వెళ్ళాలంటే బెరుకుగా ఉంటుంది. ఇక్కడ ఉండగానే ఒక స్నేహితుడిని చూడటానికి రమ్మనండి. నోట్సులు తెప్పించి రోజుకు కాసేపు రాయించండి. ఎప్పటి నుంచి బడికి వెళ్ళవచ్చో, ఆటలు ఆడవచ్చో డిశ్చార్జి రోజున డాక్టరు గారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆటలమ్మ వస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాక పంపవచ్చు.

ఉబ్బసం, మూర్ఛ, షుగరు ఉన్న పిల్లల సంగతి టీచరుకు తప్పక తెలియాలి. దాచిపెడితే అవసరమైన వేళ ఎవరికీ ఏం చేయాలో తెలియదు. మందుల వల్ల జుట్టు రాలినా, మచ్చలు మిగిలినా తోటి పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ముందే ఇంట్లో బిడ్డ చేత చెప్పించి చూడండి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

రెండు వారాలు మీరు ప్రయత్నించినా బిడ్డ వెళ్ళకపోతే మా దగ్గరకు తీసుకురండి. మానసిక సమస్యలకు 2022 నుంచి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. మనసు డాక్టరు దగ్గరకు వెళితే పిచ్చి అని ముద్ర వేస్తారని భయపడకండి. కాలు బెణికితే కట్టు కట్టించుకోమా, ఇదీ అంతే.

బిడ్డ ఒక మనిషి పేరు చెబితేనే ముడుచుకుపోతూ ఉంటే, ఉన్నట్టుండి పక్క తడుపుతూ ఉంటే, లోపలి బట్టల మీద మరకలు కనిపిస్తే, ఎవరో తాకరాని చోట తాకారని చెబితే, ముందుగా బిడ్డను నమ్మండి. "నువ్వెందుకు వెళ్ళావు?" అనకండి. ఆ మనిషి ఉన్న చోటుకు తిరిగి పంపకండి. ఇలాంటి నేరాల కోసమే 2012లో చట్టం వచ్చింది. బిడ్డ పేరు బయట పెట్టకూడదని ఆ చట్టమే చెబుతోంది. 1098కు రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు.

బిడ్డ "చచ్చిపోతాను" అంటే అది ఎంత చిన్న కోపంలో అన్న మాటైనా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందు, మాత్రలు అందని చోటికి తీసేయండి. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

గుర్తు పెట్టుకోండి

- నొప్పి నిజమే. ఒకసారి డాక్టరుకు చూపించి కారణం తేల్చుకోండి.
- కొట్టకండి, బెదిరించకండి, పోల్చకండి.
- ఊరికే ఇంట్లో ఉంచేయకండి. ప్రతి రోజూ గేటును ఇంకాస్త ఎత్తు చేస్తుంది.
- బెల్లు బెల్లుగా అడగండి, ఓపికగా వినండి.
- టీచరుతో కలిసి మెట్టు మెట్టుగా పంపండి.
- చెప్పిన వేళకు చెప్పిన చోట నిలబడండి.

బడికి పోనని ఏడ్చే బిడ్డ మనల్ని సాధించడానికి ఏడవడం లేదు. తనొక్కతే మోయలేని బరువు ఏదో ఉందని చెబుతోంది. ఆ బరువులో సగం మనం పట్టుకుంటే, మిగిలిన సగంతో అది నడవగలదు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళినవాళ్ళు జడ వేస్తూ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. వార్డులో ఉన్నవాళ్ళు బడి వదిలే వేళకు ఒక్క ఫోను చేయండి. సందేహాలు ఉన్నవారు మొహమాటపడకుండా అడగండి.